మిస్సైల్ డిఫెన్స్ వస్తే అణుబాంబు భయం పోయినట్టేనా? రాడార్ ముందు కూర్చుని వచ్చినోడి సమాధానం

అనంతపురం తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది, కొంచెం కుదించి రాస్తున్నా: "అన్నా, మన ఓర్వకల్లు పక్క రేంజ్‌లో లేజర్‌తో డ్రోన్లు కాల్చేసినారు, అమెరికా గోల్డెన్ డోమ్ అనే మిస్సైల్ కవచం కడతామంటోంది, మనోళ్ళు అట్లాంటిదే సుదర్శన చక్ర అంటున్నారు, ఇవన్నీ వచ్చినాక రష్యా, చైనా, పాకిస్తాన్ అణుబాంబులు ఇంగ పనికిరాకుండా పోతాయా? ఇంకోటి, మా మామ ఓర్వకల్లు సైడు ప్లాటు తీసుకుందామనుకుంటున్నాడు, రేంజ్ ఉంది కాబట్టి యుద్ధం వస్తే ఫస్ట్ అక్కడే పడతాదంట, నిజమేనా?"

ముందు నా గురించి ఒక ముక్క. ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవై ఏళ్ళు చేసినా, అందులో ఎక్కువ భాగం శత్రువు విమానాల్ని కూల్చే పెచోరా మిస్సైల్ స్క్వాడ్రన్‌లో రాడార్ మీదే. ఇప్పుడు కర్నూల్లో పిల్లోళ్ళకు డిఫెన్స్ పరీక్షల కోచింగ్ చెప్పుకుంటున్నా. సర్వీసు సంగతులు చెప్పకూడనివి చెప్పను, కింద రాసేదంతా బయట అందరికీ తెలిసిందే.

సూటిగా జవాబు: పోవు. రష్యా లాంటి దేశం నిజంగా అన్నీ వదలాలనుకుంటే ఆపే కవచం ఈరోజు ఎవ్వరి దగ్గరా లేదు, దగ్గర్లో వచ్చేట్టు కూడా నాకు కనపడదు. అట్లని ఇదంతా దండగ అనేవాళ్ళతో కూడా నేను ఒప్పుకోను. దాని పని వేరే. ఆ పని గత అరవై ఏళ్ళల్లో నాలుగైదు సార్లు మారింది, ఇప్పుడు మళ్ళీ మారుతోంది. జనం "ఎన్ని ఆపుతాది" అని లెక్కేస్తారు కానీ అసలు చూడాల్సింది దాన్ని చూసి అవతలోడు ఏం చేస్తాడనేది.

ఫస్ట్ మన ఓర్వకల్లు సంగతి, ఎందుకంటే సగం గందరగోళం దీంతోనే వచ్చింది. 2025 ఏప్రిల్ 13న డీఆర్‌డీఓ వాళ్ళు ఇక్కడ 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కొట్టి చూపించినారు. మంచి పని, నాకు కూడా ఛాతీ ఉబ్బింది. మరుసటి రోజు టీ బంకు కాడ ఒక పెద్దాయన "ఇంగ అణుబాంబొచ్చినా మాడ్చి మసి చేస్తారప్పా" అన్నాడు. కాదు పెద్దాయనా. డ్రోన్ నిదానంగా పోతాది, దాని ఒళ్ళు పల్చన, లేజర్ ఒకే చోట కొన్ని సెకన్లు పట్టుకుంటే కాలిపోతాది. ఖండాంతర మిస్సైల్ మీదొచ్చే వార్‌హెడ్, అంటే బాంబుండే భాగం, అంతరిక్షంలో సెకనుకు దాదాపు 7 కిలోమీటర్లు పోతాది. కర్నూలు నుంచి అనంతపురానికి మనకు బస్సులో మూడు గంటలు, దానికి 20 సెకన్లు. పైగా అది గాల్లోకి దిగేటప్పుడు వేల డిగ్రీల వేడిని తట్టుకునేట్టు చేసిందే, 30 కిలోవాట్ల లేజర్ దానికి మన ఏప్రిల్ ఎండ కిందే లెక్క. డ్రోన్ డిఫెన్స్ వేరు, ఇజ్రాయెల్ ఐరన్ డోమ్ ఆపే చిన్న రాకెట్లు వేరు, అణు మిస్సైల్ వేరు. టీవీలో మూడింటినీ ఒకే కుండలో వేసి వండుతారు.

ఇంగ ఎందుకు ఆపలేరో చెప్తా. మిస్సైల్ ప్రయాణంలో మూడు దశలు. ఇంజన్ మండే మొదటి మూడు నుంచి ఐదు నిమిషాలు, తర్వాత అంతరిక్షంలో ఇంచుమించు ఇరవై నిమిషాలు, చివర్లో కిందికి దిగే నిమిషం. మొదట్లో కొట్టడం చాలా మేలు, మంట పెద్దగా కనపడతాది, బాంబులు ఇంకా విడిపోయి ఉండవు. కానీ అది శత్రువు దేశం నడిబొడ్డున జరిగే పని, అంత దగ్గర మనం ఉండలేం. అందుకే గోల్డెన్ డోమ్‌లో ఇంటర్‌సెప్టర్లను, అంటే వచ్చే మిస్సైల్‌ను ఎదురుపోయి కొట్టేవాటిని, ఉపగ్రహాల్లో పెడతామంటున్నారు. ఉపగ్రహం ఒక్కచోట నిలబడదు కదా, తిరుగుతా ఉంటాది, మిస్సైల్ లేచే టైముకి సరిగ్గా ఒకటి నెత్తిన ఉండాలంటే వందలూ వేలూ తిప్పుతా ఉండాలి. అందులో పనికొచ్చేవి ఆ నిమిషంలో అక్కడున్న నాలుగే, మిగతావన్నీ సముద్రం మీదో ఎడారి మీదో ఊరికే తిరుగుతుంటాయి.

మధ్య దశలో టైము ఎక్కువుంది, బాగుంది అనుకుంటాం. అక్కడ గాలి లేదు. గాలి లేని చోట టన్ను బరువున్నదీ, గాలి ఊదిన బెలూనూ ఒకే వేగంతో పక్కపక్కనే పోతాయి. వాడు ఒక అసలు బాంబుకి పది బెలూన్లు వదిలితే ఏది ఏదో రాడార్ తేల్చుకోవాల. నాకు ఇది పుస్తకంలో చదివితే అర్థం కాలేదు, ఒక రాత్రి డ్యూటీలో అయింది. స్క్రీన్ మీద ట్రాకులు వచ్చినాయి, ఒకటి కాదు నాలుగైదు, ఎత్తు తక్కువ. పక్క కుర్రాడు అప్పటికే అరుస్తున్నాడు, నా చెయ్యి కూడా ఫోన్ మీదికి పోయింది. మా సీనియర్ వారెంట్ ఆఫీసర్ మాత్రం "ఆగు, ఇంకో రెండు తిప్పులు తిరగనీ" అన్నాడు. రాడార్ రెండు తిప్పులు తిరిగేలోపల నాకు నోరెండిపోయింది. తీరా చూస్తే వలస పక్షుల గుంపు. నిదానంగా పోయే పక్షుల్ని, నా నెత్తిమీద ఉన్నవాటిని తేల్చుకోడానికే అంత పట్టింది, ఇంగ వేల కిలోమీటర్ల అవతల బెలూన్ల గుంపులో బాంబును ఏరడం ఎంత కష్టమో నువ్వే ఊహించుకో.

లెక్క కూడా ఒకటి వేద్దాం, నా స్టూడెంట్లకు బోర్డు మీద వేసేదే. అమెరికాకు సొంత నేలను కాపాడే ఇంటర్‌సెప్టర్లు 44 ఉన్నాయి, అలాస్కాలో 40, కాలిఫోర్నియాలో 4. 1999 నుంచి టెస్టుల్లో సగం పైచిలుకు మాత్రమే తగిలినాయి. ఒక్కో బాంబు మీదికి నాలుగు వదిలినారనుకో, ఒక్కోటి తగిలే అవకాశం సగం అనుకో. నాలుగూ తప్పే అవకాశం పదహారింట్లో ఒకటి, అంటే ఆపే అవకాశం 94 శాతం. సూపర్ కదా? కానీ నాలుగు చొప్పున 44 అయిపోయేది 11 బాంబులకే. ఆ 11కి 11 ఆగే అవకాశం ఎంత? 94 శాతాన్ని 11 సార్లు హెచ్చిస్తే సగానికి కొంచెం తక్కువే. అంటే పదకొండు వస్తే కనీసం ఒకటి దిగే అవకాశం సగం పైనే. రష్యా మోహరించుకునే వార్‌హెడ్లకు, 2026 ఫిబ్రవరిలో గడువు తీరిపోయిన అమెరికా-రష్యా న్యూ స్టార్ట్ ఒప్పందం పెట్టిన పరిమితే 1550. విమానాలైతే వందలో పది తప్పించుకున్నా యుద్ధం గెలుస్తాం, అణుబాంబు ఒక్కటి తప్పించుకుంటే ఒక ఊరు ఉండదు.

ఇదంతా టెస్టు పరిస్థితిలో లెక్క అని గుర్తుపెట్టుకో. మేం ప్రాక్టీస్ ఫైరింగ్‌కి పోయేటప్పుడు టార్గెట్ ఎప్పుడొస్తాదో, ఏ దిక్కు నుంచి వస్తాదో ముందే తెలుసు, నెల రోజులు రిహార్సల్ చేసేవాళ్ళం, అయినా ఒకసారి మా మిస్సైల్ పక్కనుంచి పోయింది. ఆ రాత్రి మెస్‌లో ఎవ్వరూ మాట్లాడుకోలేదు. 1991 గల్ఫ్ యుద్ధంలో సౌదీలోని దహ్రాన్‌లో అయితే అమెరికా పేట్రియాట్ మిస్సైల్ డిఫెన్స్ యూనిట్‌ను వంద గంటలు ఆపకుండా నడిపినారు, లోపలి గడియారం లెక్కలో సెకనులో మూడో వంతు తేడా వచ్చింది, రాడార్ మిస్సైల్‌ను తప్పుచోట వెతికింది, ఇరాక్ స్కడ్ మిస్సైల్ వచ్చి బ్యారక్ మీద పడి 28 మంది అమెరికా సైనికులు పోయినారు. ఫిబ్రవరి 25న జరిగింది అది. సెకనులో మూడో వంతు అప్పా!

మరి పనికిరాకపోతే అన్ని దేశాలూ ఎందుకు ఎగబడుతున్నాయి? ఇక్కడే అసలు కథ.

మా నాయన జొన్నచేను కంకి మీద ఉన్నప్పుడు నన్ను మంచె ఎక్కించి చేతికి వడిసెల ఇచ్చేవాడు. ఐదారు చిలకలొస్తే ఒక రాయి చాలు, లేచిపోతాయి. రెండు మూడొందల గుంపు ఒకేసారి దిగితే నేనెంత తిప్పినా పని జరగదు, కంకులు పోయేవి పోతాయి. మరి మంచె ఎందుకు? ఎందుకంటే మనిషి ఉన్నాడని తెలిస్తే ఆ ఐదారు చిలకలు ఊరికే వాలిపోవు. వస్తే పెద్ద గుంపుగానే రావాల. అణు కవచం కొత్త పని కూడా అదే. అన్నీ ఆపేది కాదు, చిన్న దెబ్బను దండగ చేసేది.

కొంచెం విప్పి చెప్తా. ఈమధ్య అమెరికా వాళ్ళ భయం రష్యానో చైనానో వెయ్యి బాంబులు వేస్తాదని కాదు. యుద్ధంలో ఓడిపోయేటప్పుడు ఒకటో రెండో చిన్నవి వదిలి "ఇంగ ఆగండి, లేకపోతే చూడండి" అని బెదిరిస్తారేమో అని. కవచం లేకపోతే ఆ ఒక్కటీ ఖాయంగా పడతాది, బెదిరింపు పనిచేస్తాది. కవచం ఉంటే ఆ ఒక్కటీ ఆగిపోవచ్చు, వాడికి పరువూ పోతాది, ఎదురుదెబ్బా తగులుతాది. ఖాయంగా పడాలంటే ఇరవై వదలాల, ఇరవై వదిలితే అది బెదిరింపు కాదు, పూర్తి యుద్ధమే. అంత దూరం పోవాలా అని వాడు రెండుసార్లు ఆలోచిస్తాడు. ఈ వాదన నాకు చాలావరకు నచ్చుతాది. నచ్చని ముక్క ఏందంటే, రెండుసార్లు ఆలోచించి వాడు ఆగకుండా నేరుగా ఇరవైతోనే మొదలుపెడితే? దానికి ఎవరి దగ్గరా గట్టి జవాబు లేదు.

పాత కథ ఒకసారి చూస్తే ఈ పని ఎట్ల మారుతూ వచ్చిందో తెలుస్తాది. 1967లో అమెరికా చైనా పేరు చెప్పి ఊర్లను కాపాడే సెంటినెల్ మొదలుపెట్టింది. ఆ ఇంటర్‌సెప్టర్ల మీద కూడా అణుబాంబే ఉండేది, ఎదురొచ్చేదాన్ని పైనే అణు పేలుడుతో చంపడమన్నమాట. మా ఊరి పక్కన అణుబాంబులేంది అని అక్కడి జనమే ఎదురు తిరిగినారు. 1969లో నిక్సన్ వచ్చి పేరు మార్చి సేఫ్‌గార్డ్ అన్నాడు, ఊర్లు కాదు, నేలలో మన మిస్సైళ్ళు పెట్టిన బావుల్ని కాపాడుకుందాం అన్నాడు. నార్త్ డకోటాలో కట్టింది 1975 అక్టోబర్‌లో పూర్తిగా పనిలోకి వచ్చింది, కొన్ని నెలలకే 1976లో మూసేసినారు. రష్యా మాస్కో చుట్టూ కట్టుకున్న కవచం మాత్రం కొత్త రూపంలో ఇప్పటికీ ఉంది. ఆ మాస్కో కవచాన్ని చూసి అమెరికా ఏం చేసిందనుకుంటున్నావ్? భయపడి ఊరుకోలేదు, ఒకే మిస్సైల్ మీద మూడు బాంబులు పెట్టి మూడు చోట్లకు పంపేది తయారు చేసి 1970లో మోహరించింది. కవచం ఒక చోట వస్తే బాంబులు మూడింతలైనాయి. ఈ పోటీకి తలా తోకా ఉండదని తెలుసుకుని 1972లో ఇద్దరూ కవచాలకు హద్దు పెట్టే ఏబీఎం ఒప్పందం చేసుకున్నారు, మొదట రెండు చోట్ల, తర్వాత 1974లో ఒక్క చోటే, వంద ఇంటర్‌సెప్టర్లకు మించకూడదని. ఆలోచిస్తే చిత్రమైన ఒప్పందం, ఒకరి ముందు ఒకరు కావాలనే చొక్కా విప్పి నిలబడినట్టు. కానీ ముప్పై ఏళ్ళు నడిచింది.

1983లో రీగన్ మొత్తం దేశానికి కవచం అన్నాడు, అది జరగలేదు. తర్వాత లక్ష్యం చిన్నదైంది: ఉత్తర కొరియా లాంటి చిన్న దేశం ఒకటో రెండో వేస్తే ఆపాలి, అంతే. దానికోసమే బుష్ 2002లో ఏబీఎం ఒప్పందం నుంచి బయటికొచ్చినాడు. ఆ 44 అట్ల వచ్చినవే. రష్యా, చైనా విషయంలో మాత్రం "వాళ్ళకు మా ఎదురుదెబ్బ భయమే చాలు, ఇది వాళ్ళకోసం కాదు" అని 2019 దాకా, 2022 దాకా కూడా కాగితం మీద రాస్తూనే వచ్చినారు. 2025 జనవరి 27 ట్రంప్ ఆదేశంలో అది మారింది, సమాన బలం ఉన్న దేశాల దాడి నుంచి కూడా కాపాడాలన్నారు. గోల్డెన్ డోమ్ అంటే ఇదే, మే నెలలో దాని ఖర్చు 175 బిలియన్ డాలర్లు అన్నారు. మన లెక్కలో దాదాపు 15 లక్షల కోట్లు, అంటే మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాలుగున్నరేళ్ళు నడవొచ్చు. అంతరిక్షంలో పెట్టే ఇంటర్‌సెప్టర్లకే ఇరవై ఏళ్ళకు 161 నుంచి 542 బిలియన్ల దాకా కావచ్చని వాళ్ళ కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసే చెప్పింది. వడిసెలలో రాయి చేన్లో ఊరికే దొరుకుతాది, ఇక్కడ రాయి ఖరీదు చిలక కంటే ఎక్కువ. అదీ ఇబ్బంది.

ఇంగ అవతలోళ్ళు ఏం చేసినారో చూడు. పుతిన్ 2018 మార్చి 1న స్టేజీ మీద నిలబడి వరసగా చూపించినాడు: దక్షిణ ధ్రువం మీదుగా కూడా పోగలిగే సర్మత్, వంకరలు తిరుగుతూ జారిపోయే అవన్‌గార్డ్, సముద్రం అడుగున పోయే పొసైడన్. శెనక్కాయ చేనుకు ఒకవైపు కంచె గట్టిగా వేస్తే పంది ఇంకోవైపు నుంచి దూరతాది కదా, ఆ తీరే. చైనాది ఇంకా అర్థం చేసుకోదగ్గది. ఇరవై ఏళ్ళ కిందట సైలోల్లో, అంటే నేలలోపలి బావుల్లో, పెట్టి అమెరికా దాకా వదలగలిగే మిస్సైళ్ళు వాళ్ళకు ఇరవై దాకా ఉండేవి. ఎదురుగా అమెరికా ఇంటర్‌సెప్టర్లు పెరుగుతా పోయి 2017 కల్లా 44 అయినాయి. అవి ఉత్తర కొరియా కోసమే అని అమెరికా ఎంత చెప్పినా బీజింగ్‌లో కూర్చున్నోడు లెక్క ఎట్ల వేసుకుంటాడు? "వీడు ముందు దెబ్బ కొట్టి నావి పదిహేను పగలగొడితే, మిగిలిన ఐదింటిని ఆ 44 ఆపేస్తాయి." ఒట్టి డాలు చూసి ఎవ్వరూ భయపడరు, ఇంకో చేతిలో కత్తి ఉన్నోడి డాలు చూసే భయపడతారు. 2021లో యూమెన్, హామి ఎడారుల్లో వందల కొత్త సైలోలు ఉపగ్రహ ఫోటోల్లో బయటపడినాయి. వాటన్నిటికీ ఈ కవచమే కారణం అని నేను అనను, వాళ్ళకు వేరే కారణాలూ ఉంటాయి, కానీ ఇదీ ఒక కారణమే. 2017లో దక్షిణ కొరియాలో అమెరికా థాడ్ అనే మిస్సైల్ డిఫెన్స్ పెడితే చైనా గోల చేసింది కూడా ఇంటర్‌సెప్టర్ల గురించి కన్నా దాని రాడార్ తన దేశంలోకి ఎంత దూరం చూస్తాదో అన్నదాని గురించే. రాడార్ వాడిని కాబట్టి ఆ బాధ నాకు అర్థమైతాది. మిస్సైల్ అయిపోతే అయిపోతాది, చూసే కన్ను మాత్రం రోజూ చూస్తూనే ఉంటాది.

మన సంగతి. మనోళ్ళు 2006 నవంబర్‌లోనే ఒడిశా తీరంలో బాలిస్టిక్ మిస్సైల్‌ను ఇంకో మిస్సైల్‌తో కొట్టినారు, 2022లో ఏడీ-1 అనే కొత్త ఇంటర్‌సెప్టర్ టెస్టు, 2024 జులైలో 5000 కిలోమీటర్ల తరగతి మిస్సైళ్ళను ఆపే రెండో దశ టెస్టు. 2035 కల్లా సుదర్శన చక్ర అని 2025 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించినారు, ఎనిమిది రోజులకే ఆగస్టు 23న ఒడిశాలో చేసిన టెస్టులో లేజర్ కూడా ఉంది. 2025 మేలో పాకిస్తాన్‌తో గొడవప్పుడు ఆకాశ్‌తో పాటు మా పాత పెచోరా పేరు కూడా ప్రభుత్వ ప్రకటనలో చూసి ఇంట్లో ఒక్కడినే చప్పట్లు కొట్టుకున్నా, మా ఆవిడ ఏమైందో అని వంటింట్లోంచి వచ్చింది. కానీ అప్పుడొచ్చినవి డ్రోన్లు, మామూలు మిస్సైళ్ళు. దాన్ని చూసి అణు మిస్సైళ్ళూ ఇట్లే ఆగుతాయనుకోవద్దు.

మనకు ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒకటి దూరం. అమెరికా రష్యా మధ్య అరగంట టైముంది, మనకూ పాకిస్తాన్‌కూ మధ్య చాలా ఊర్లకు పది నిమిషాల లోపే. అందులో కనిపెట్టాలి, పక్షా కాదా తేల్చాలి, పైకి చెప్పాలి, బటన్ నొక్కాలి. రెండోది, ఒకే రకం మిస్సైల్ మామూలు బాంబూ మోయొచ్చు, అణుబాంబూ మోయొచ్చు, రాడార్ చుక్కకు లోపల ఏముందో తెలీదు. చైనా డీఎఫ్-26 మిస్సైల్ కూడా అట్లాంటిదే. కాబట్టి పడిందాకా తెలీదు, పడకముందే తీర్మానం చేసుకోవాలి. మన కవచం చూసి పాకిస్తాన్ ఊరుకుందా అంటే లేదు, 2017 జనవరిలో ఒకే మిస్సైల్‌తో చాలా బాంబులు మోసే అబాబీల్ టెస్టు చేసి, చుట్టుపక్కల మిస్సైల్ డిఫెన్స్ పెరుగుతోంది కాబట్టే ఇది అని వాళ్ళే చెప్పుకున్నారు. 1970 కథే, దేశాల పేర్లు మారినాయి అంతే.

అయితే మనకు నా లెక్కలో ఇది దండగ కాదు, కారణం మన విధానం. ముందు మనం అణుబాంబు వెయ్యం అని 2003లో రాసుకున్నాం. అంటే మొదటి దెబ్బ తినడానికి సిద్ధపడి ఉన్నోళ్ళం. ఆ దెబ్బ తర్వాత కూడా ఆదేశం ఇచ్చే మనుషులు, ఆదేశం పోయే దారి, తిరిగి కొట్టే మిస్సైళ్ళు మిగలాలి. అట్లాంటి కొన్ని చోట్లను కాపాడటానికి పదింట్లో ఏడు ఆపినా విలువే, ఎందుకంటే తన పదింట్లో ఏ మూడు కవచం దాటిపోతాయో అవతలోడికి తెలీదు. దేశంలో ప్రతి ఊరికీ గొడుగు పడతామంటే మాత్రం నేను నమ్మను. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే ఈ తేడా రాయి, ఊర్లను కాపాడటం వేరు, ఎదురుదెబ్బ శక్తిని కాపాడుకోవడం వేరు. మా పిల్లోళ్ళల్లో చాలామంది రెండూ కలిపేస్తారు.

ఇంగ మీ మామ ప్లాటు. ఓర్వకల్లు పక్కన ఉన్నది టెస్టు రేంజ్ తమ్ముడూ, అక్కడ కొత్తవి కాల్చి చూస్తారు, కొలుస్తారు. మిస్సైళ్ళు మోహరించి పెట్టిన స్థావరం కాదు. అణుయుద్ధంలో ఫస్ట్ ఎక్కడ పడతాదో చెప్పడానికి నేనెవర్ని గానీ, ఆ భయంతో ప్లాటు మానుకోవాల్సిన పని లేదు. అంతకంటే ముందు ఈసీ తీయించమను, సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకోమను, బోరు పడతాదో లేదో పక్క ప్లాటోళ్ళను అడగమను. ఆ పక్క బోర్ల సంగతి నాకు బాగా తెలుసు, మూడు వేయించినా.